నా బొటనవేలు, నా స్టూలు

మా ఊళ్లో ఎవరికి ఏ రోగం వచ్చినా ముందు కంపెనీలనే తిడతారు. గుమ్మడిదల మండలంలో మందుల కంపెనీల మధ్య ఇరుక్కున్న ఊరు మాది. బోరు నీళ్ల రంగు మారినా, బర్రె పాలు తగ్గినా, ఎవరింట్లోనైనా దగ్గు వినిపించినా కారణం కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. చాలాసార్లు ఆ తిట్టు న్యాయమైనదే. కాకపోతే ఊళ్లో సగం ఇళ్లకు జీతాలు కూడా ఆ కంపెనీల నుంచే వస్తాయి కాబట్టి, పొద్దున లేచి తిట్టేసి, బస్సెక్కి డ్యూటీకి పోతాం. అందుకని నా కుడి చెయ్యి తిమ్మిర్లు పట్టడం మొదలైనప్పుడు మా అత్తమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గా కంపెనీ గాలే బిడ్డా. ఇంకేముంటది?" అంది.

నేను మాత్రం గాలిని అనలేదు. గ్లోవులను అన్నాను. మా ఇద్దరిలో ఎవరిది పెద్ద తెలివితక్కువతనమో ఇప్పటికీ తేలలేదు.

గ్లోవుల సంగతి అర్థం కావాలంటే నా పని సంగతి చెప్పాలి. అది చెప్పమంటే నాకు మహా సరదా. పటాన్‌చెరు దగ్గర ఇంజెక్షన్ మందులు చేసే ఒక కంపెనీలో నేను సీసాలు చూస్తాను. అంతే, చూస్తాను. చిన్న గాజు సీసాలో మందు నింపి, మూత బిగించాక అది మా గదికి వస్తుంది. ఒక్కొక్కరికీ ఒక స్టూలు, ఎదురుగా ఒక లైటు పెట్టె. ఆ పెట్టెలో సగం నలుపు, సగం తెలుపు. సీసాను మెడ దగ్గర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని మెల్లగా ఒక సుడి తిప్పాలి. అడుగున నలుసు ఏదైనా ఉంటే ఆ సుడికి పైకి లేస్తుంది. తెల్ల నలుసు నలుపు ముందు దొరుకుతుంది, నల్ల నలుసు తెలుపు ముందు దొరుకుతుంది. దొరికితే ఎర్ర ట్రేలో పడేస్తాం, లేకపోతే ముందుకు పంపిస్తాం.

వినడానికి ఇంతే. అసలు విద్యంతా ఆ తిప్పడంలో ఉంది. మరీ మెల్లగా తిప్పితే నలుసు అడుగునే పడుకుంటుంది. కాస్త గట్టిగా తిప్పామా, లోపల బుడగలు లేస్తాయి. బుడగ కూడా అచ్చం నలుసులాగే మెరుస్తుంది. అప్పుడు మంచి సీసాను చెడ్డదని పారేస్తాం, లేదా బుడగల మధ్య నిజమైన నలుసును వదిలేస్తాం. ఆ సీసాలో మందు వెళ్లేది మనిషి రక్తంలోకి. ఆ తిప్పు నాకు వచ్చినంత బాగా మా గదిలో ఎవరికీ రాదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊళ్లో కూడా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "సూసే పని చేసే ఆమె" అంటే చిన్నపిల్లలైనా మా ఇల్లు చూపిస్తారు.

అలాంటి నాకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారాయి. ఉంగరపు వేలు సగం మొద్దు, సగం బాగు. చిటికెన వేలికి మాత్రం ఏ బాధా లేదు. నిద్రలో తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గేది. ఏసీ గదిలో గాజు ఎప్పుడూ చల్లగా ఉంటుంది. మొదటి సీసా పట్టుకోగానే గ్లోవులోంచి ఆ చల్లదనం బొటనవేలికి తగలడం నాకు పని మొదలైనట్టు గుర్తు. అది తగలడం మానేసింది.

గ్లోవు బిగుతైందనుకొని మీడియం నుంచి లార్జ్‌కు మారాను. లార్జ్ వేళ్ల చివర వదులై సీసా జారింది. మళ్లీ మీడియం. ఆ తర్వాత నా కోపం గౌను మీదికి మళ్లింది. మా గౌను చేతుల చివర ఎలాస్టిక్ ఉంటుంది. దాని మీదికి గ్లోవు లాగి వేసుకోవాలి. ఆ ఎలాస్టికే నా రక్తాన్ని ఆపుతోందని నిర్ణయించేసి, ఒక పొద్దున బట్టలు మార్చుకునే గదిలో ఆ కుట్టును పళ్లతో కొరికి విప్పేశాను. మందుల కంపెనీలో గట్టిగా తుమ్మితేనే తప్పు జరిగిందని కాగితం రాస్తారు. ఎలాస్టిక్ కొరికితే ఊరుకుంటారా? మా షిఫ్ట్ ఇన్‌చార్జి సంగారెడ్డి అబ్బాయి, నాకంటే చిన్నవాడు. ఆ గౌను చెయ్యిని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకొని నా ముందుకొచ్చాడు.

"అక్కా, గిదేంది? ఎలుక కొరికిందని రాయాల్నా, నువ్వు కొరికినవని రాయాల్నా?"

"ఎలుక అని రాస్తే కంపెనీ మూస్తరు సార్. నా పేరే రాయుండ్రి," అన్నాను.

నవ్వాడు గానీ రాశాడు.

ఏడాదికోసారి మాకు పరీక్ష ఉంటుంది. మంచి సీసాల్లో కావాలని కొన్ని చెడ్డవి కలిపి ఒక పెట్టె ఇస్తారు. ఒకదాంట్లో దారప్పోగు, ఇంకోదాంట్లో గాజు రవ్వ, మరోదాంట్లో నల్ల చుక్క. ఏవి చెడ్డవో మనకు తెలియదు. వాటి అడుగున కంటికి కనిపించని సిరాతో గుర్తు పెట్టి ఉంటుంది, ఊదారంగు లైటు వేస్తేనే అది బయటపడుతుంది. ఆ పరీక్ష నేను ప్రతి ఏడూ నవ్వుతూ దాటేదాన్ని. ఆ ఏడు తప్పాను. కళ్లు బాగానే ఉన్నాయి, చెయ్యే మోసం చేసింది. సీసాను ఎంత గట్టిగా పట్టుకున్నానో వేళ్లకు తెలియలేదు. ప్రతి సీసాలోనూ బుడగలు లేచాయి. మంచివాటిని కుప్పలుగా ఎర్ర ట్రేలో పోశాను. దారప్పోగు ఉన్న సీసాను మాత్రం ముందుకు పంపించాను.

ఇన్‌చార్జి ఊదారంగు లైటు ఆర్పేసి నా ముఖం చూడకుండా చెప్పాడు. "ఇంకోసారి చాన్స్ ఉంటదక్కా, మూడు నెలలైనంక. గప్పటిదాంక కార్టన్ల సెక్షన్ల చెయ్యి. మల్ల తప్పితే ఇగ కార్టన్లనే."

కార్టన్ల సెక్షన్ అంటే అట్టపెట్టెలు మడవడం, లోపల కాగితం దూర్చడం. పని చెడ్డదని కాదు, అక్కడా మనుషులే చేస్తారు. కానీ నా స్టూలు మీద వేరే ఆమె కూర్చుంది. గాజు కిటికీలోంచి ఆమె వీపు కనిపించేది. బాత్‌రూంకు పోయి కుళాయి తిప్పుకొని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. కోపం నాకు మొదటినుంచీ ఏడుపుకంటే బాగా పనికొస్తుంది.

మా ఆయన ఒక కంపెనీకి స్టాఫ్ బస్సు నడుపుతాడు. మాట తక్కువ మనిషి. ఆ సాయంత్రం నా ముఖం చూసి, "గాలి గాదు, గ్లోవు గాదు. రేపు దవాఖానకు పోదాం నడువు," అన్నాడు. హైవే పక్కనున్న ఒక ఆసుపత్రిలో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉందని బస్సులో ఎవరో చెబుతుంటే విన్నాడట.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని మొదట అడిగిన మాట, "చిటికెన వేలు కూడా మొద్దుబారుతుందా అమ్మా?"

"లేదు మేడం. అదొక్కటే మహారాణి లెక్క ఉంటది."

ఆమె తల ఊపిన తీరు చూస్తే రోగం అప్పుడే పట్టేసిందని నాకు అర్థమైంది. మణికట్టు మీద వేలితో కొట్టింది, కరెంటు పాకినట్టు వేళ్లదాకా జివ్వుమంది. తర్వాత నరాల పరీక్షకు పంపింది. అక్కడ చిన్న చిన్న షాకులిచ్చి నరంలో కబురు ఎంత వేగంగా పోతోందో చూస్తారు. కాగితం చూసి ఆమె చెప్పింది. మణికట్టులో ఒక సొరంగం లాంటి దారి ఉంటుందట, కింద ఎముకలు, పైన గట్టి పట్టీ. వేళ్లను ముడిచే తాళ్లన్నీ, ఒక నరమూ ఆ దారిలోంచే పోవాలి. అక్కడ జాగా తక్కువైతే నలిగేది నరమే. దాని పేరు కార్పల్ టన్నెల్ అంది. చిటికెన వేలికి పోయే నరం వేరే దారిలో పోతుందట.

"షిఫ్ట్ ఇడిసినప్పుడు మా బస్సు లెక్క," అన్నాడు మా ఆయన. ఆ రోజంతటికీ అతను మాట్లాడింది అదే.

వెంటనే కత్తి తియ్యలేదు ఆమె. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. రెండూ లేవు. నిద్రపోయేటప్పుడు మణికట్టు వంగకుండా కట్టుకునే పట్టీ ఇచ్చింది. అది చాలక మణికట్టు దగ్గర ఒక సూది వేసింది. సూది వేశాక ఎంత హాయిగా ఉందంటే, గెలిచేశాననుకున్నాను. కొన్ని వారాలకు ఆ హాయి కరిగిపోయింది. కార్టన్లు మడిచీ మడిచీ చెయ్యి ఇంకా పాడైంది. మళ్లీ పోతే ఆమె నా రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూపించింది. కుడి బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ చదునైపోయింది. సీసాల్లో వెంట్రుకంత పోగును పట్టే నేను, నా చేతిలో కండ కరగడం చూడలేదు.

"ఇక ఆగొద్దమ్మా. ఇంకా ఆలస్యమైతే నరం విడిపించినా కండ పూర్తిగా తిరిగిరాకపోవచ్చు," అంది.

రెండు దారులున్నాయని వివరంగా చెప్పింది. రెండింటిలోనూ కోసేది మణికట్టు లోపల నరాన్ని నొక్కే ఆ గట్టి పట్టీనే. ఒకటి, అరచేతిలో చిన్న కోత పెట్టి, తెరిచి, నేరుగా చూస్తూ పట్టీని విడదీయడం. రెండోది, మణికట్టు దగ్గర ఇంకా చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టంతో కెమెరా పంపి, తెర మీద చూస్తూ లోపలినుంచి కోయడం. కెమెరా దారిలో గాయం చిన్నది, అరచేతిలో నొప్పి తక్కువ, పనికి కాస్త ముందుగా పోవచ్చు. కాకపోతే చోటు ఇరుకు, అనుభవం ఉన్న చెయ్యి కావాలి. లోపల సరిగ్గా కనిపించకపోతే మధ్యలో తెరవాల్సి రావచ్చు. తెరిచి చేస్తే కోత మానేదాకా అరచెయ్యి కొంతకాలం నొప్పిగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక రెండింటికీ పెద్ద తేడా ఉండదు. "మంచి చేతుల్లో రెండూ మంచివే. తెరిచి చేయడం నాకు అలవాటు. కెమెరాతో చేసే డాక్టర్లు సిటీలో ఉన్నారు, కావాలంటే రాసిస్తా. ఇంటికి పోయి ఆలోచించుకో," అంది.

ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. మా ఆయన కెమెరా వైపు. "కొత్తది మంచిగుంటది. జల్దీ పనికి పోవచ్చు. నీకు పరీక్ష ఉన్నది గదా," అన్నాడు. మాటలో న్యాయముంది. పరీక్ష తేదీ నా నెత్తి మీదే కూర్చుని ఉంది.

మా అత్తమ్మ కూడా కెమెరా వైపే, కానీ కారణం వేరు. ఆమె చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. జాతకాలన్నా చేతిగీతలన్నా మండిపడుతుంది. అలాంటి ఆమెతో పక్కింటావిడ ఎవరో, అరచేతిలో కోస్తే ఆయుష్షు గీత తెగుతుందని అంది. అత్తమ్మ నా చెయ్యి లాక్కొని ఆ గీత మీద వేలు పెట్టి అడిగింది. "గీత మీదికెళ్లి కోస్తరా, పక్కకెళ్లి కోస్తరా?"

"పక్కకెళ్లి అని చెప్పింది అత్తమ్మా. అయినా నీకు గీతల మీద నమ్మకం ఎప్పటికెళ్లి?"

"నాకేం నమ్మకం లేదు. ఊకెనే అడిగిన." నా చెయ్యి వదలకుండా మళ్లీ అంది. "పక్కకెళ్లి అంటే ఎంత పక్కకెళ్లి?"

నేను మాత్రం తెరిచి చేసేదాన్నే కోరుకున్నాను. కెమెరా మీద అపనమ్మకం కాదు. నేను ఏళ్లతరబడి ఒకే తిప్పు తిప్పి తిప్పి ఆ పని నేర్చుకున్నదాన్ని. కంపెనీలోకి సీసాలు చూసే మెషీన్ కూడా వచ్చింది, దానికి అలవాటు పడ్డవాళ్లు దానితో బాగానే చేస్తారు. నన్ను దాని ముందు నిలబెడితే నేను మామూలు మనిషినే. చెయ్యి దేనికి అలవాటు పడిందో దాన్నే బాగా చేస్తుంది. డాక్టరమ్మ చెయ్యి తెరిచి చేయడానికి అలవాటు పడిన చెయ్యి. నాకు ఆ డాక్టరమ్మే కావాలి, కాబట్టి ఆమె దారే నా దారి. ఆలస్యమైతే ఆలస్యమే. మా ఆయనకు ఇలా చెబితే, "నీతోని ఎవరు గెలుస్తరు?" అని బస్సు తాళాలు తీసుకొని లేచిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టు.

ఆపరేషన్‌కు మొత్తం మత్తు ఇవ్వలేదు, చేతికి మాత్రమే సూది వేశారు. పై చేతికి బీపీ చూసే పట్టీలాంటిది బిగించారు. నిజం చెప్పాలంటే కోతకంటే ఆ బిగింపే ఎక్కువ బాధపెట్టింది. ముఖానికీ చేతికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. నేను చూడకుండా ఉండలేకపోయాను.

"మేడం, నేను సూస్తా."

"కళ్లు తిరుగుతాయమ్మా."

"నావి తిరగవు మేడం. పొద్దుగాల్నించి మాపటిదాంక సూసుడే నా పని."

గుడ్డ వెనక ఆమె నర్సుతో ఏదో అంది. నర్సు గుడ్డను ఒక పక్కకు కొంచెం దించింది. పెద్ద లైటు కింద నా అరచెయ్యి నాది కానట్టు తెరిచి ఉంది. ఆయుష్షు గీతకు పక్కనుంచే కోశారని ముందు చూసుకున్నాను, ఇంట్లో జవాబు చెప్పుకోవాలి కదా. తెగిన తెల్లటి పట్టీ రెండు వైపులా విడిపోయి ఉంది. దాని కింద లేత పసుపు రంగులో ఒక తాడు, మధ్యలో నొక్కుకుపోయి ఉంది.

"ఇదిగో, ఇదే నీ నరం. ఇంతకాలం ఇక్కడ నలిగింది. ఇప్పుడు దానికి చోటు దొరికింది," అంది డాక్టరమ్మ.

నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. నేను తిట్టిన గ్లోవులూ, కొరికిన ఎలాస్టిక్కూ, అత్తమ్మ తిట్టిన గాలీ ఏవీ కాదు, ఇదిగో, ఈ తెల్లటి పట్టీయే అసలు దొంగ. నా రోగాన్ని నేను లైటు కింద నా కళ్లతో చూశాను.

ఆ రోజు నుంచే నిద్రలో తిమ్మిరి మాయమైంది. పొద్దున లేచి, రాత్రంతా పడుకున్నానని తెలిసి కట్టు కట్టిన చెయ్యిని ముద్దుపెట్టుకున్నాను. మా ఆయన చూశాడు, చూడనట్టు నటించాడు. చెయ్యి ఎత్తి పెట్టుకోమన్నారు, వేళ్లు మాత్రం ముడుస్తూ చాస్తూ ఉండమన్నారు. చూడటానికి వచ్చిన ఊరివాళ్లందరూ కదిలించొద్దనే చెప్పారు. ఒకామె గుడ్డతో గట్టిగా కట్టెయ్యమంది. అప్పుడు మా అత్తమ్మ పులి అయింది. "డాక్టరమ్మ ఆడియ్యమన్నది, మా పిల్ల ఆడిస్తది. నీకు తెల్వకుంటే చాయ తాగి పో," అని ఆమెను సాగనంపింది.

కుట్లు విప్పారు. గాయం మానింది. కానీ బొటనవేలి కొస మాత్రం మొద్దుగానే ఉంది. నరం బాగా నలిగితే తేరుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. వినడం వేరు, ఓపిక పట్టడం వేరు. జొన్నరొట్టె తట్టబోతే అరచేతికి రెండు వైపులా పోటు. పిండిముద్దను అత్తమ్మ ముందుకు తోసి విసుక్కునేదాన్ని. పరీక్ష దగ్గరపడుతోంది.

ఉపాయం దొరికింది ఇంట్లోనే. నా చెయ్యి మొదట పాడైనప్పటినుంచీ అత్తమ్మ చర్చినుంచి ప్రార్థన చేసిన నూనె చిన్న సీసాల్లో తెచ్చి రోజూ నా మణికట్టుకు రాసేది. ఆ ఖాళీ సీసాలు పారెయ్యడానికి ఆమెకు మనసొప్పక కిటికీలో వరుసగా పేర్చింది. వాటిని సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లు నింపి మూత బిగించాను. రొట్టెల పెనం వెనకవైపు నా నలుపు. సున్నం గోడ నా తెలుపు. వాకిట్లో ఎండకు కూర్చొని తిప్పడం మొదలుపెట్టాను. మొదట్లో అన్నీ బుడగలే.

పరీక్ష పెట్టే పని అత్తమ్మది. నేను వీపు తిప్పుకొని కూర్చుంటే కొన్ని సీసాల్లో దారప్పోగో, జొన్నపిండి రవ్వో వేసి మూతపెట్టి కలిపేసేది. ఆమె దగ్గర ఊదారంగు లైటూ లేదు, గుర్తూ లేదు, అన్నీ జ్ఞాపకమే. పైగా మోసం. ఒకరోజు ఏ సీసాలోనూ ఏమీ వెయ్యకుండా ఇచ్చింది. నేను రెండు తీసి పక్కన పెట్టాను.

"అండ్ల ఏం లేదు. బుడగలు సూసి భయపడ్డవ్," అని చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది. మండి, మళ్లీ తిప్పాను. ప్రార్థన నూనె పనిచేసిందా అని ఎవరైనా అడిగితే నేను తప్పకుండా పనిచేసిందనే చెబుతాను. సీసాలు వచ్చింది దాంతోనే కదా.

రోజులు గడిచేకొద్దీ వేళ్లు పట్టును గుర్తుపట్టసాగాయి. బుడగలు తగ్గాయి. ఒకనాడు అత్తమ్మ వేసినవన్నీ పట్టేశాను, వెయ్యనివి వదిలేశాను. ఆమె లోపలికి పోయి పిండి కలిపి తెచ్చి నా ముందు పెట్టింది. "తట్టు," అంది. తట్టాను. కొంచెం పోటు పెట్టింది, రొట్టె ఒక అంచున మందమైంది. కానీ చేతి కింద తిరిగింది. ఆ వంకర రొట్టెను ఆమె ఎవరికీ పెట్టకుండా తానే తింది.

పరీక్ష నాడు గౌను వేసుకున్నాను, ఎలాస్టిక్‌ను ముట్టుకోలేదు. ఇన్‌చార్జి సీసాల పెట్టె నా ముందు పెట్టి తలుపు దగ్గర నిలబడ్డాడు. నాకంటే అతనికే ఎక్కువ భయంగా ఉన్నట్టుంది. మొదటి సీసా తీశాను. మెడ దగ్గర పట్టుకున్నాను. బొటనవేలికి సన్నగా, గ్లోవు అవతలినుంచి, చల్లగా తగిలింది. నిజమా, నా ఆశేనా అని సీసాను కింద పెట్టి మళ్లీ తీశాను. చల్లగానే ఉంది. ఎన్నో నెలల తర్వాత నా వేలు నాకు కబురు పంపింది. ఇక ఈ పెట్టె నన్నేం చేస్తుంది అనుకున్నాను.

తిప్పాను, చూశాను, పెట్టాను. గాజు రవ్వ దొరికింది. నల్ల చుక్క దొరికింది. ఒక సీసాలో, నలుపు ముందు, వెంట్రుకకంటే సన్నటి పోగు సుడిలో ఒక్కసారి లేచి మెరిసి మళ్లీ దిగబోయింది. పోయినసారి నన్ను దాటిపోయింది ఇదే కావచ్చు. "రా, నీ కోసమే సూస్తున్న," అని దాన్ని ఎర్ర ట్రేలో పెట్టాను.

ఇన్‌చార్జి గది చీకటి చేసి ఊదారంగు లైటు వేశాడు. ఎర్ర ట్రేలో ప్రతి సీసా అడుగునా గుర్తు వెలిగింది. మంచివాటి ట్రే మీదికి లైటు తిప్పాడు. ఒక్కటీ వెలగలేదు. మళ్లీ ఒకసారి తిప్పి చూశాడు. గది లైటు వేశాక అతని ముఖం నిండా నవ్వే.

"ఒక్కటి గూడ పోనియ్యలే అక్కా! ఒక్కటి గూడ తప్పు తియ్యలే! పో, నీ స్టూల్ మీద కూసో పో."

మా గదిలో స్టూలు ఎత్తు మార్చేశారు. దాన్ని తిప్పి నా ఎత్తుకు తెచ్చుకున్నాను. పక్క స్టూలు ఆమె చూపు తిప్పకుండానే నా మోకాలి మీద ఒకటి చరిచింది. ఇన్‌చార్జి రెండు గ్లోవుల డబ్బాలు పట్టుకొని వెనకే వచ్చాడు.

"ఏ సైజు అక్కా? లార్జా, మీడియమా?"

"మీడియం సార్," అన్నాను, గదంతా వినిపించేలా. "గ్లోవులల్ల ఏ తప్పు లేకుండె."

గ్లోవులు వేసుకొని ట్రేలోంచి సీసా తీసి, నలుపు ముందు పట్టుకొని తిప్పాను. ఒక్క బుడగ కూడా లేవలేదు.